ఘ్రాణభక్షణం



సురాపానం పంచమహాపాతకాలలో ఒకటన్నది ఆస్తికులందరికీ విదితమే. మద్యాన్ని వాసన చూడడం సైతం దోషమేనని మనుస్మృతి ఏకాదశాధ్యాయం చెబుతున్నదన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. బ్రాహ్మణుణ్ణి కొట్టి బాధించడం, కుటిలవర్తనం మొదలైన జాతిభ్రంశకర కర్మల పంక్తిలోనే మద్యాఘ్రాణం కూడా పరిగణింపబడినది. పాఠశాలలో ఈ ఘట్టం వచ్చిననాడు నా పక్కన కూర్చున్న సహాధ్యాయి, "అయితే కల్లుపాక మీదుగా వెళ్ళేటప్పుడు ముక్కుకు ఉత్తరీయం కట్టుకోవాలిరా" అని గుసగుసలాడాడు. ఇద్దరం నవ్వాము. గురువుగారు నవ్వలేదు. "ముక్కు ద్వారా లోపలికి పోయేదేమిటో మీకింకా తెలియదు" అని మాత్రం అన్నారు. దాదాపు నలభై ఏండ్ల తరువాత ఆ వాక్యానికి వ్యాఖ్యానం నాకు స్కాట్లండ్ దేశంలో, అదీ ఒక విస్కీ రుచి చూసే సభలో లభించింది. సభ అన్న మాట తెలిసే వాడుతున్నాను.

ఆనాటి సహాధ్యాయి ఈనాడు కోనసీమలో ఘనపాఠి. ఆయనకు ఒక్కడే కుమారుడు. వాడికి పదేండ్లు వచ్చేవరకు తండ్రి వద్ద స్వరంతో అధ్యయనం జరిగింది. తరువాత ఇంగ్లీషు చదువు, రసాయనశాస్త్రం. ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో పై చదువుకు వెళుతున్నాడంటే తండ్రి సంతోషించాడు. ఆ విశ్వవిద్యాలయంలో బీరు, విస్కీల తయారీని శాస్త్రంగా బోధించే విభాగం ఒకటి ఉన్నదనీ, కుమారుడు చేరినది అందులోననీ, ఉద్యోగం కూడా ఆ రంగంలోనేననీ ఆలస్యంగా తెలిసింది. తెలిసిననాటి నుండి తండ్రీకొడుకుల మధ్య సంభాషణ లేదు. తల్లి మాత్రం మాట్లాడుతుంది, అదీ ఆయన ఆలయానికి వెళ్ళిన సమయంలో.

నిరుడు జ్యేష్ఠమాసంలో అక్కడి తెలుగు కుటుంబాలవారు శ్రీనివాస కల్యాణం జరిపించవలసిందని నన్ను పిలిపించారు. ప్రయాణానికి ముందురోజు మిత్రుడు ఫోను చేశాడు. "ఒరే, వాణ్ణి చూసి రా. వాడు తాగుతున్నాడా లేదా, అంతే. నా తరువాత వాడి చేతి నీళ్ళు నాకు దక్కుతాయా దక్కవా, అది నువ్వు తేల్చి చెప్పు. నీ మాట మీద ఉంటాను" అన్నాడు. ఇది తేలికగా మోయదగిన బరువు కాదు. బుద్ధిపూర్వకంగా సుర తాగిన ద్విజునికి స్మృతి విధించిన ప్రాయశ్చిత్తం ప్రాణాంతకం. గుడం నుండి తీసినది గౌడి, పిండి నుండి తీసినది పైష్టి, మధువు నుండి తీసినది మాధ్వి అని సుర మూడు విధాలు. వాటిలో పైష్టియే ముఖ్యసుర అని వ్యాఖ్యాతల పక్షం. యవలను మొలకెత్తించి, పిండి చేసి, పులియబెట్టి తీసే విస్కీ సాక్షాత్తు పైష్టియే. పేరు విదేశీయం కనుక నిషేధం వర్తించదనే సౌకర్యం మనకు లేదు.

కల్యాణం దివ్యంగా జరిగింది. మరునాడు పిల్లవాడు వచ్చి, ప్రవర చెప్పి సాష్టాంగపడ్డాడు. ప్రవరలో ఒక్క అక్షరం తప్పలేదు. విషయం అడిగాను. "బాబాయిగారూ, నేను చెబితే మీరు నమ్ముతారు. నాన్నగారు నమ్మరు. రేపు సాయంత్రం లీత్‌లో ఒక సభ ఉన్నది, నడిపేది నేనే. మీరు కళ్ళతో చూసి ఆయనకు చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అర్చకుడు అటువంటి చోట అడుగు పెట్టవచ్చునా అన్నది ఒక ప్రశ్న. చూడని సాక్షి సాక్ష్యం చెప్పవచ్చునా అన్నది మరొకటి. రెండవదే బలంగా తోచింది. అక్కడి నీరు సైతం ముట్టనని నియమం చెప్పుకుని, నా చెంబు నేను పట్టుకుని వెళ్ళాను.

లీత్ అనగా ఎడిన్‌బరోకు ఆనుకుని ఉన్న పాత రేవు. పూర్వం పీపాలను దాచిన రాతి గోదాములు అక్కడ ఇప్పటికీ ఉన్నవి. అటువంటి ఒకదానిలో పొడవైన బల్లలు వేశారు. ఒక్కొక్కరి ముందు నాలుగేసి గాజు పాత్రలు. అడుగున ఉబ్బెత్తుగా, మూతి దగ్గర సన్నగా, అరవిచ్చిన తామరమొగ్గవలె ఉన్నవి. పాత్రల పక్కన పళ్ళెం: ఆపిల్ ముక్కలు, ఓట్ పిండి బిళ్ళలు, రెండు రకాల జున్ను, బాదం, చేదు చాక్లెట్. నన్ను చివర, తెరచిన కిటికీ పక్కన కూర్చోబెట్టారు. సాయంకాలం ఏడు గంటలు. సూర్యుడు మాత్రం మన మూడు గంటల సూర్యుడు. జూన్ మాసంలో అక్కడ అస్తమయం రాత్రి 10 గంటలకు.

పిల్లవాడు చరిత్రతో ప్రారంభించాడు. విస్కీ అన్న శబ్దం ఆ దేశపు గేలిక్ భాషలో జీవజలం అనే అర్థం గల పదం నుండి వచ్చినదట. ఆ దేశంలో దీని తొలి లిఖిత ప్రస్తావన 1494లో రాజుగారి ఖజానా లెక్కలలో ఉన్నది: జీవజలం తయారీ నిమిత్తం ఫ్రయర్ జాన్ కార్ అనే సన్యాసికి ఇచ్చిన యవల పద్దు. అనగా మొదటి పద్దే ఒక సన్యాసి పేరిట! ఈనాటి చట్టం ప్రకారం స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ కర్ర పీపాలో ఆ దేశంలోనే కనీసం 3 సంవత్సరాలు నిలువ ఉండాలి, మద్యసారం 40 శాతానికి తగ్గరాదు. పీపాలో ఉన్న కాలంలో ఏటా సుమారు 2 శాతం ఆవిరై పోతుంది. దానిని వారు దేవదూతల భాగం అంటారు. హవిర్భాగం లేనిదే ఏ జాతికీ మనస్సు ఒప్పదు కాబోలు.

తరువాత జరిగినదే నాకు ఆశ్చర్యం. ఎవరూ పాత్ర ఎత్తి తాగలేదు. పిల్లవాడు అందరినీ మౌనంగా ఉండమన్నాడు. పాత్రను ముక్కుకు ఒక్కసారిగా దగ్గరకు తేవద్దు, పెదవులు కొద్దిగా తెరచి, దూరం నుండి మెల్లగా గ్రహించండి, తోచిన మాట తోచినట్లు చెప్పండి అన్నాడు. మొదటి పాత్ర స్పేసైడ్ ప్రాంతానిది. ఒకరు ఆపిల్ అన్నారు, ఒకరు తేనె, ఒకరు కొత్త గడ్డి. అప్పుడు కొన్ని చుక్కల నీరు కలిపించాడు. నీరు కలిపితే సుగంధం పైకి రావడానికి హేతువును స్వీడన్ శాస్త్రజ్ఞులు 2017లో గణనతో వివరించారట: సుగంధ ద్రవ్యాణువులు మద్యసారంతో పాటు నీటి ఉపరితలానికి చేరుతాయి. మళ్ళీ వాసన చూపించాడు. ఇప్పుడు మాటలు మారాయి. ఒకావిడ తన మాటను తానే దిద్దుకున్నది. పిల్లవాడు ఎవరినీ తప్పనలేదు. "మరొకసారి" అన్నాడు, అంతే.

ఈ "మరొకసారి" నాకు ఎక్కడిదో వెంటనే తెలిసింది. అది వాళ్ళ నాన్న గొంతు. అనుదాత్తం పడవలసిన చోట స్వరితం పడితే మా మిత్రుడు శిష్యుణ్ణి కొట్టడు, తిట్టడు. కళ్ళు మూసుకుని "మరొకసారి" అంటాడు. తెలుగులో నాతో పిల్లవాడు తరువాత అన్న మాట యథాతథంగా వ్రాస్తున్నాను: "నాన్నగారు నాకిచ్చిన చెవే ముక్కుకు వచ్చింది బాబాయిగారూ. ఇక్కడివాళ్ళు అరవై నమూనాలలో తేడా పట్టలేనిచోట నాకు దొరుకుతుంది." విన్నప్పుడు గర్వపడాలో దుఃఖించాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నాలుగవ పాత్రను ముందే చెబుతాను, ఎందుకంటే దాని వాసన నేను పాత్ర ముట్టకుండానే నా వద్దకు వచ్చింది. అది ఐలా అనే ద్వీపానిది. అక్కడ కట్టెలు అరుదు. చిత్తడి నేలలలో నాచు, గడ్డి వేల సంవత్సరాలు మురిగి, ఏటా సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుని నల్లని మట్టి అవుతుంది. దానిని పీట్ అంటారు. ఇటుకలుగా కోసి, ఎండబెట్టి, ఆ పొగ మీద మొలకెత్తిన యవలను ఆరబెడతారు. గంధము గలది పృథివి అని తార్కికులు నిర్వచించారు. జలానికి స్వతహాగా గంధం లేదు. నీటిలో వాసన తోస్తే అది దానిలో చేరిన పార్థివాంశదే. మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పిల్లలకు బోధించిన ఈ విషయానికి ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతాన్ని నేను చూడలేదు. పాత్రలో ఉన్నది జలరూపం. అందులో నుండి వస్తున్నది మాత్రం భూమి, పొగ. తొలకరి మట్టి, తడి సమిధలు రాజుకోని హోమగుండం, కొంచెం ఆసుపత్రి, అన్నీ ఒక్కసారి గుర్తుకు వచ్చాయి.

విషయాలకు దూరంగా ఉన్నవాడి నుండి విషయాలు తొలగుతాయి కాని వాటి మీది రసం తొలగదని, అది పరదర్శనంతోనే పోతుందని గీత రెండవ అధ్యాయంలో భగవానుడు చెప్పాడు. దీనిని నేను వందసార్లు ప్రవచనంలో చెప్పియున్నాను. మద్యం మీద నాకు ఏనాడూ ఆశ లేదు, ఆ సాయంకాలమూ కలగలేదు. అయినప్పటికీ వాసన వచ్చిన తక్షణం నా ముక్కు మాటలు వెదకసాగింది. నన్నెవరూ అడగలేదు. గురువుగారు చెప్పిన "లోపలికి పోయేది" అదేనని అప్పుడు తెలిసింది.

ఇక పళ్ళెం సంగతి. ఏ పాత్రకు ఏ పదార్థం జోడు అన్నది ఆ సభలో సగం విషయం. కొన్నిటికి సామ్యం చూస్తారు, కొన్నిటికి వైరుధ్యం. పొగ వాసన గల నాలుగవదానికి ఉప్పదనం, ఘాటు గల నీలిచారల జున్ను. జున్నులోని కొవ్వు నాలుకను పూసి మద్యపు మంటను తగ్గిస్తుందట, ఉప్పు చేదును అణచుతుందట. చరకుడు కూడా పదార్థాల సంయోగాన్ని విచారించాడు, కాని ఆయన విచారం ఏది దేనితో కలిస్తే దేహానికి విరుద్ధం అన్నది. పాలు చేపలతో కూడదన్నట్లు. వీరి విచారం ఏది దేనితో కలిస్తే ప్రీతి అన్నది. ఉగాది పచ్చడిలో మనమూ ఆరు రుచులు కలుపుతాము. అక్కడ చేదు నాలుకకు నచ్చాలని ఎవరూ కోరరు, అంగీకరించాలని మాత్రం కోరుతారు.

రెండవ పాత్ర షెర్రీ అనే ద్రాక్షసారాయి పీపాలో మాగినది. దానికి జోడుగా పిల్లవాడు ఒక డబ్బా తెరిచాడు. అందులో సున్నుండలు! మినుములు దోరగా వేయించిన కమ్మదనం, బెల్లం, నెయ్యి, ఇవి ఆ పీపాలోని ఎండుద్రాక్ష వాసనకు సరిపోతాయని అతడు వారికి వివరిస్తున్నాడు. వారు తిని, కళ్ళు విప్పార్చి, మెచ్చుకుంటున్నారు. ఆ సాయంకాలం మొత్తంలో నా మనస్సు నొచ్చుకున్నది ఇక్కడే. మద్యం వారిది, వారి దేశపు ధర్మం వారిది, ద్వేషించడానికి నాకు హేతువు లేదు. సున్నుండ మాత్రం మా ఇండ్లలో నైవేద్యానికి పళ్ళెంలో పెట్టేది. అది ఆ పాత్ర పక్కన కూర్చున్నది. ఇది పిల్లవాడికి తరువాత చెప్పాను. అతడు వాదించలేదు. "అమ్మ పంపింది. నేను ఒక్కణ్ణే తినలేకపోయాను" అన్నాడు. ఆ మాటకు నా వద్ద శాస్త్రం లేదు.

మూడవ పాత్ర మన దేశానిది. బెంగళూరులో తయారై, 2004లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలోనే మొదట విపణికి వచ్చిన అమృత్ అనే విస్కీ. బెంగళూరు ఎండకు దేవదూతల భాగం ఏటా 10 శాతం పైమాటేనట. పీపా త్వరగా ఖాళీ అవుతుంది, త్వరగా పక్వమూ అవుతుంది. పేరు విని నేను ఉలిక్కిపడ్డాను. సముద్రమథనంలో అమృతం వేరు, వారుణి వేరు. వారుణిని భాగవతం అష్టమస్కంధం అసురులకు ఇచ్చింది. వాల్మీకి బాలకాండలో మాత్రం వారుణిని స్వీకరించినది అదితి పుత్రులు; సురను గ్రహించారు కనుక సురులు, గ్రహించనివారు అసురులు అని ఆ శబ్దాలకు అక్కడ వ్యుత్పత్తి. రెండు గ్రంథాలూ మనకు ప్రమాణమే. ఈ వైరుధ్యాన్ని కల్పభేదమని సర్దుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. నాకు తోచినది వేరు. దేవతలు గ్రహించినదాన్ని మనుష్యులు గ్రహించరాదని నిషేధం చెప్పవలసి వచ్చినదంటే, ఆ వస్తువు నీచమైనది కనుక కాదు, బలమైనది కనుక.

నా పక్కన ఒక వృద్ధుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు. నా ముందు పాత్రలు లేకపోవడం చూసి హేతువు అడిగాడు. పిల్లవాడు అనువదించాడు. ఆయన నవ్వి, తన తాతగారు జీవితంలో చుక్క ముట్టనని చర్చిలో సంతకం చేసిన మనిషి అన్నాడు. ఆ దేశంలో 1913లో ఒక చట్టం వచ్చి, తమ ఊరిలో మద్యం అమ్మరాదని ప్రజలే ఓటుతో నిర్ణయించుకునే హక్కు కల్పించిందట. నేను నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా దుకాణం మూయించిన వృత్తాంతం చెప్పాను. ఆయన పాత్రను బల్ల మీద పెట్టి శ్రద్ధగా విన్నాడు. మేము వేదం చెప్పుకునే ఇండ్లలో మద్యాన్ని శాస్త్రదృష్టితో చూశాము. ఆ తల్లులు దానిని కూలి డబ్బు లేని శనివారంగా చూశారు. వారి నిషేధానికి ప్రమాణం వెదకవలసిన పని లేదు.

సభ ముగిసిన తరువాత అస్తమయానికి ఇంకా అరగంట ఉన్నది. సంధ్యకు తన గదికి రమ్మన్నాడు, సమీపంలోనే. దారిలో సూటిగా అడిగాను. అతడూ సూటిగా చెప్పాడు. ఉద్యోగంలో పని అంతా ముక్కుతోనే. మద్యసారాన్ని 20 శాతానికి తగ్గించి వాసన చూస్తారు. ఎప్పుడైనా నోట పోసుకున్నా ఉమ్మివేస్తాడు. మింగినది లేదు. పానమంటే ద్రవాన్ని కంఠం దాటించడమని పండితుల నిర్వచనం కనుక పానదోషం లేదని అతడు వాదించవచ్చు. వాదించాడు కూడా, ఘనపాఠి కొడుకు కదా: "సౌత్రామణిలో సుర ఉన్నది కదా బాబాయిగారూ! సురాగ్రహాన్ని ప్రాణభక్షంగా, వాసన మాత్రంగా స్వీకరించే పక్షం శ్రౌతసూత్రాలలోనే ఉన్నది."

"ఉన్నది నాయనా" అన్నాను. "కలియుగంలో సౌత్రామణిలో సురాగ్రహణం వర్జ్యమన్నదీ ఉన్నది, అది అటుంచు. ఆ సూత్రం నీకు అనుకూలం కాదు, ప్రతికూలం. వాసన చూడడాన్ని అక్కడ భక్షం అన్నారు. అంటే ఆఘ్రాణం కూడా ఒక భోజనమే. నువ్వు రోజుకు అరవైసార్లు భోంచేస్తున్నావు."

చాలా దూరం మాట్లాడలేదు. తరువాత, "దానికి ప్రాయశ్చిత్తం ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది. బుద్ధిపూర్వకమైన జాతిభ్రంశకరానికి సాంతపన కృచ్ఛ్రం: ఒకరోజు పంచగవ్యం, కుశోదకం మాత్రమే, మరునాడు ఉపవాసం. అబుద్ధిపూర్వకమైతే పన్నెండు రోజుల ప్రాజాపత్యం. చేయలేనంత కష్టమైనవి కావు. కాని రేపు మళ్ళీ చేయబోయే పనికి ఈరోజు ప్రాయశ్చిత్తం లేదు. అనుతాపం, నివృత్తి ఉన్నప్పుడే అది ప్రాయశ్చిత్తం, లేనినాడు అది కేవలం ఆకలి. ఈ మాట మెత్తగా చెప్పే మార్గం నాకు కనబడలేదు, ఉన్నది ఉన్నట్లే చెప్పాను.

గదిలో కిటికీ పక్కన పంచపాత్ర, ఉద్ధరిణి ఉన్నవి. వాటి రాగి, చేతులు పడే చోట మాత్రమే మెరుస్తున్నది. అది అతిథి వస్తున్నాడని తోమిన మెరుపు కాదు. సురాపాయి వాసన తగిలిన సోమయాజికి నీటిలో మూడు ప్రాణాయామాలు, ఘృతప్రాశనం స్మృతి విధించింది. నేను సోమయాజిని కాను, అయినా చేయాలనిపించింది. నది ఎక్కడ? స్నానాల గదిలో తొట్టి ఉన్నది, అదే గంగ. బయటకు వచ్చేసరికి పిల్లవాడు నెయ్యి కరిగించి ఉంచాడు. నేను ప్రాశనం చేశాక, తాను కూడా తొట్టిలో దిగి, వచ్చి, చెయ్యి చాపాడు. నేను చెప్పలేదు. ఉద్ధరిణితో పోశాను. ఇద్దరం పడమరకు తిరిగి సంధ్య వార్చాము. అర్ఘ్యం ఇచ్చేసరికి పది దాటింది.

మరునాడు మిత్రుడికి ఫోను చేసి, చూసినది చూసినట్లు, ఏదీ తగ్గించకుండా, ఏదీ పెంచకుండా నివేదించాను. సున్నుండల సంగతి కూడా. పానం లేదు, ఆఘ్రాణం ఉన్నది, బుద్ధిపూర్వకం, నిత్యం, నివృత్తి ప్రస్తుతం లేదు. వాడి చేతి నీళ్ళ విషయంలో నా అభిప్రాయం అడిగాడు కనుక చెప్పాను: పుత్రుడి అధికారం జాతిభ్రంశకరంతో నశించదు, ప్రాయశ్చిత్తం చేసుకుని కర్మ చేయవచ్చు; ఎప్పుడు చేసుకుంటాడన్నది వాడి చేతిలోనిది. అవతల చాలాసేపు నిశ్శబ్దం.

"సంధ్య వారుస్తున్నాడా?"

"వారుస్తున్నాడు. పంచపాత్ర చూశాను."

"స్వరం ఎలా ఉన్నది?"

"నీదే."

మళ్ళీ నిశ్శబ్దం. "శుక్రవారం తొమ్మిదిన్నరకు ఖాళీగా ఉంటాను. చెయ్యమను" అని పెట్టేశాడు. మన తొమ్మిదిన్నర అంటే అక్కడ తెల్లవారి ఐదు గంటలు. పిల్లవాడికి చెబితే, ఆ వేళకు స్నానం కూడా అయిపోతుంది బాబాయిగారూ అన్నాడు.